ఫారంలో లేని ప్రశ్న

(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఏదైనా మంచి పుస్తకం గురించి పది నిమిషాలు మాట్లాడమని కార్యదర్శిగారు ఆదేశించారు. భక్తి గ్రంథమో, ఆరోగ్య సూత్రాలో చెబుతానని అనుకుని ఉంటారు. నేను సైన్సు నవల తెచ్చాను. ఈ వయసులో ఇదేం పిచ్చి అనుకోకండి.

టొరంటోలో చదువుకుంటున్న మా మనవరాలు ఇచ్చిన పుస్తకమిది. పేరు 'మూన్ ఆఫ్ ది క్రస్టెడ్ స్నో'. 2018లో వచ్చింది. రచయిత వాబ్‌గెషిగ్ రైస్ కెనడాలోని అనిషినాబే అనే ఆదివాసీ జాతివారు. ఉత్తర అంటారియోలో ఒక ఆదివాసీ గ్రామం. చలికాలం ముంగిట కరెంటు పోతుంది, ఫోన్లు పోతాయి, సరుకుల లారీలు రావు. పట్నాలలో ఏమైందో ఎవరికీ తెలియదు. రాకెట్లు లేవు, మరమనుషులు లేరు. ఆ మంచులో ఊరు ఎలా బతుకుతుందన్నదే కథ.

అందులో ఐలీన్ అనే వృద్ధురాలు ఉన్నది. లోకం అంతమవుతోందన్న మాట వచ్చినప్పుడు ఆమె చెప్పేదాని సారాంశం ఇది: మన లోకం ఎప్పుడో అంతమైంది. తెల్లవారు వచ్చి అడవులు నరికినప్పుడు ఒకసారి, మన పిల్లలను తీసుకుపోయినప్పుడు మరోసారి. అయినా మనం ఉన్నాం కదా!

పిల్లలను తీసుకుపోవడం కల్పన కాదు. లక్షా యాభై వేల మందికి పైగా ఆదివాసీ పిల్లలను ఇళ్ళకు దూరంగా హాస్టలు బడులలో పెట్టి, వారి భాష మాన్పించిన సంగతి అక్కడి విచారణ సంఘం 2015లో నివేదించింది. ఆ చరిత్రను మనసులో పెట్టుకునే షెరీ డిమలీన్ అనే మెటీ రచయిత్రి 2017లో 'ది మ్యారో థీవ్స్' రాశారు. అందులో ఆదివాసులు తప్ప అందరూ కలలు కనే శక్తి పోగొట్టుకుంటారు. ఎముకలలోని మూలుగ కోసం ఆదివాసులను వేటాడతారు. ఇలాంటి రచనలను గ్రేస్ డిల్లన్ 2012లోనే 'వాకింగ్ ది క్లౌడ్స్' అనే సంకలనంగా కూర్చారు. మ్యూజియంలో పెట్టదగిన పాతకాలపు మనుషులం కాము, రేపు కూడా ఉంటాము అన్నది వీరందరి మాట.

ఇక నా మాట. నలభై ఏళ్ళ క్రితం ఏజెన్సీలో భూసేకరణ పని మీద వెళ్ళాను. ముంపు గ్రామంలో ఇళ్ళు, చింతచెట్లు లెక్క రాస్తున్నాను. ఒక కోయ ముసలమ్మ దగ్గరకు వచ్చి, "చెట్లు రాసుకున్నావు బాబూ, మా మనవలు భూమి పండుగ ఏ నేల మీద చేసుకుంటారో రాసుకున్నావా?" అని అడిగింది. "అది ఫారంలో లేదమ్మా" అన్నాను. అబద్ధం కాదు. కానీ పై అధికారికి ఒక్క వాక్యం నోటు పెట్టవచ్చు. పెట్టలేదు. ఐలీన్ మాటలు చదివిన రాత్రి ఆ తల్లి ముఖం గుర్తుకొచ్చి నిద్రపట్టలేదు.

ఏటా మన సంఘం గిరిజన హాస్టలు పిల్లలకు వ్యాసరచన పోటీ పెడుతోంది. అంశం మనమే ఇస్తాం, ఎలా రాయాలో కూడా మనమే చెబుతాం. ఈసారి 'నూరేళ్ళ తర్వాత మా ఊరు' అని మాత్రం ఇచ్చి ఊరుకుందాం. వారి భాషలో రాసినా తీసుకుందాం, చదివి చెప్పేవారిని పిలుద్దాం. కాగితాలు, బహుమతుల ఖర్చు నా పింఛనులోంచి ఇస్తాను.