నిలవ ఉండని ధనం – కళాశాల విద్యార్థులు, వ్యాయామం



“కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి” అని మన తెలుగు సామెత. ఇదే భావాన్ని మన ఇరుగుపొరుగు కన్నడిగులు “కూతు తిన్నువవనిగె కుడికె హొన్ను సాలదు” అంటారు. కూర్చుని తినేవాడికి ముంతెడు బంగారమైనా చాలదని దాని అర్థం. రెండూ ఆస్తిపాస్తుల గురించి పుట్టిన మాటలే. అయితే ఒంటి బలానికి కూడా ఈ సామెతలు ఎంత చక్కగా వర్తిస్తాయో గత డెబ్బై ఏళ్ళలో జరిగిన కొన్ని పరిశోధనలు చెబుతున్నాయి. కళాశాలలో చదువుకునే మన పిల్లలకూ, వాళ్ళ తల్లిదండ్రులకూ పనికివచ్చే సంగతులు వాటిలో ఉన్నాయి. వాటిని గురించి మీతో నాలుగు మాటలు చెప్పాలని ఈ ప్రయత్నం.

మన ప్రాంతంలో పదో తరగతి దాకా పిల్లలు ఏదో ఒక ఆట ఆడతారు. బడిలో డ్రిల్లు మాస్టారు ఉంటారు, కబడ్డీ ఉంటుంది, ఖోఖో ఉంటుంది. పి.యు. కాలేజీలో చేరగానే ఆటకు తెర పడుతుంది. పొద్దున బస్సు, పగలు కాలేజీ, సాయంత్రం ట్యూషను, రాత్రి సెల్‌ఫోను. ఆడపిల్లల విషయంలో ఆ తెర ఇంకా ముందే, ఎనిమిదో తరగతిలోనో తొమ్మిదిలోనో పడిపోతుంది. అదేమంటే పెద్దలు రెండు మాటలు చెబుతారు. “పడుచు రక్తం, ఇప్పుడు దానికి వ్యాయామం దేనికి? బీపీ, షుగరూ వచ్చాక నడక మొదలెట్టొచ్చులే” అన్నది మొదటి మాట. “మావాడు బడిలో కబడ్డీ కెప్టెను. ఆ కండ జన్మంతా ఉంటుంది” అన్నది రెండో మాట. ఈ రెండు మాటలనూ శాస్త్రజ్ఞులు పరీక్షకు పెట్టారు. ఫలితం ఏమిటో చూద్దాం.

ఈ పరిశోధనలకు తొలి బాట వేసినవారిలో జెరెమీ మోరిస్ అనే ఇంగ్లండు వైద్యుడు ముఖ్యుడు. లండను నగరంలోని రెండంతస్తుల బస్సులలో పనిచేసే డ్రైవర్లనూ కండక్టర్లనూ ఆయన పోల్చి చూశారు. డ్రైవరు రోజంతా కూర్చునే ఉంటాడు. కండక్టరు టిక్కెట్ల కోసం పై అంతస్తుకూ కింది అంతస్తుకూ మధ్య రోజుకు ఐదారు వందల మెట్లు ఎక్కుతాడు. బస్సు ఒకటే, సంస్థ ఒకటే. అయినా గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగానూ, డ్రైవర్లలో ఎక్కువగానూ కనిపించింది. ఈ ఫలితాలు 1953లో వెలువడ్డాయి. మనిషి రోజూ చేసే కదలికకూ గుండె ఆరోగ్యానికీ సంబంధం ఉందని లోకానికి గట్టిగా తెలిసింది అప్పుడే.

మరి కాలేజీలో చదివినవారి మాటేమిటి? దీనికి జవాబు అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయం పూర్వ విద్యార్థుల మీద జరిగిన అధ్యయనంలో దొరికింది. దీనిని నడిపినవారు రాల్ఫ్ పాఫెన్‌బార్గర్ అనే వైద్యుడు. 1916కూ 1950కీ మధ్య ఆ కాలేజీలో చేరిన పురుషులకు 1960వ దశాబ్దంలో ఆయన బృందం తపాలాలో ప్రశ్నపత్రాలు పంపింది. రోజుకు ఎన్ని మెట్లు ఎక్కుతారు? ఎంత దూరం నడుస్తారు? ఏ ఆటలు ఆడతారు? ఇవీ అందులోని ప్రశ్నలు. జవాబు రాసిన 16,936 మంది ఆరోగ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించారు. కాలేజీ రోజుల్లో ఎవరు ఆటగాళ్ళో, ఎవరు కాదో ఆ కాలేజీ పాత రికార్డులలో ఉండనే ఉంది.

1978లో అచ్చయిన ఫలితం ఇది. నడక, మెట్లు, ఆటలు అన్నీ కలిపి వారానికి 2,000 కిలో కేలరీల కంటే తక్కువ శక్తిని ఖర్చుచేసేవారికి, అంతకు మించి ఖర్చుచేసేవారితో పోలిస్తే గుండెపోటు ముప్పు 64 శాతం ఎక్కువగా ఉంది. మన లెక్కలో చెప్పాలంటే 2,000 కిలో కేలరీలంటే మధ్యరకం ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి రోజుకు ఇంచుమించు గంటసేపు చురుకుగా నడవటం. 1986లో వచ్చిన మరో వ్యాసంలో, ఇలా చురుకుగా ఉన్నవారిలో మరణాల రేటు నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువగా ఉన్నట్లు తేలింది. వారానికి 500 కిలో కేలరీల దగ్గర నుంచే మేలు మెల్లగా కనిపించసాగింది.

శ్రోతలారా, అసలు కొసమెరుపు ఇంకొకటి ఉంది. కాలేజీ జట్టులో ఆడి పేరు తెచ్చుకున్నవారిలో ఎవరు ఆ తరువాత కూడా శరీరాన్ని కదిలిస్తూ వచ్చారో వారికి మాత్రమే గుండెపోటు ముప్పు తక్కువగా ఉంది. ఆట మానేసి కుర్చీకి అతుక్కుపోయినవారికి ఆ పాత పతకాలు అక్కరకు రాలేదు. అదే, కాలేజీలో ఏ ఆటా ఆడనివారు తరువాతి కాలంలో వ్యాయామం అలవరచుకుంటే వాళ్ళకు మేలు దక్కింది. “మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి” అన్న సామెత మనకు తెలిసిందే. ఇక్కడ తాతలదాకా పోనక్కరలేదు. ఇరవై ఏళ్ళప్పుడు తాను తాగిన నెయ్యి వాసన నలభై ఏళ్ళప్పుడు తన మూతికే ఉండదన్నమాట!

పాఫెన్‌బార్గర్ ఈ సత్యాన్ని కాగితం మీద రాసి ఊరుకోలేదు. నలభై ఏళ్ళు దాటాక తానూ పరుగు మొదలుపెట్టి, మారథాన్ పందేలలో పాల్గొన్నారు. 1996లో ఆయనకూ, ఇందాక చెప్పిన మోరిస్‌కూ కలిపి క్రీడా విజ్ఞానానికి ఒలింపిక్ బహుమతి ఇచ్చారు. పాఫెన్‌బార్గర్ 84 ఏళ్ళు, మోరిస్ 99 ఏళ్ళు జీవించారు.

ఇక “పడుచు రక్తం” మాటకు వద్దాం. 1966లో అమెరికాలోని డాలస్ నగరంలో ఇరవై ఏళ్ళ యువకులు ఐదుగురి మీద ఒక ప్రయోగం జరిగింది. అందరూ ఆరోగ్యవంతులే. వాళ్ళను మూడు వారాలపాటు మంచం మీదనే ఉంచారు. నడవనివ్వలేదు. ఆ తరువాత ఎనిమిది వారాలు గట్టి వ్యాయామం చేయించారు. ఈ దశలన్నింటిలో ఒక కొలత తీశారు. మనిషి శాయశక్తులా పరుగెత్తేటప్పుడు అతని శరీరం నిమిషానికి ఎన్ని లీటర్ల ప్రాణవాయువును వాడుకోగలదు అన్నది ఆ కొలత. గుండె, ఊపిరితిత్తులు, కండరాలు ఈ మూడింటి పనితనానికీ అది గీటురాయి.

మంచం ఎక్కకముందు ఆ కొలత సగటున 3.3 లీటర్లు. మూడు వారాలు పడుకున్నాక 2.4 లీటర్లకు పడిపోయింది. అంటే నాలుగో వంతుకు పైగా పోయింది. ఎనిమిది వారాల వ్యాయామం తరువాత 3.9 లీటర్లకు చేరింది. చూశారా, పడుచు రక్తం మూడు వారాలలో ఎంత కోల్పోయిందో, కొద్ది వారాల శ్రమతో ఎంత తిరిగి సంపాదించుకుందో!

కథ అంతటితో అయిపోలేదు. ముప్పై ఏళ్ళ తరువాత, 1996లో, ఆ ఐదుగురినీ మళ్ళీ పిలిచి పరీక్షించారు. అప్పటికి వాళ్ళు యాభై పడిలో పడ్డారు. సగటు బరువు 77 కిలోల నుంచి 100 కిలోలకు చేరింది. ఒంట్లో కొవ్వు 14 శాతం నుంచి 28 శాతానికి, అంటే రెట్టింపు అయింది. ప్రాణవాయువు కొలత 2.9 లీటర్లు. ఇక్కడ ఒక్కసారి ఆగి ఆలోచించండి. ముప్పై ఏళ్ళ వయసు మీద పడి తగ్గించినదానికంటే, ఇరవై ఏళ్ళప్పుడు మూడు వారాల మంచం తగ్గించినదే ఎక్కువ!

వాళ్ళ చేత మళ్ళీ ఆరు నెలలపాటు నడక, మెల్లని పరుగు, కదలని సైకిలు తొక్కటం చేయించారు. కొంచెం కొంచెంగా పెంచుతూ వారానికి నాలుగున్నర గంటల దాకా తెచ్చారు. ఆ కొలత తిరిగి 3.3కు వచ్చింది. అంటే ఇరవై ఏళ్ళప్పుడు మొదట ఎంత ఉందో అంత! ఆ వయసులో గట్టి శిక్షణతో చేరిన 3.9ని మాత్రం ఎవరూ తిరిగి అందుకోలేదు. ఇంకో సంగతి. వాళ్ళ బరువు తగ్గింది నాలుగైదు కిలోలే. బరువుకాటా చూసి “ఏం లాభంలే” అని నడక మానేసేవారు దీన్ని గుర్తుంచుకోవాలి. కాటాకు అందని మేలు లోపల జరుగుతూనే ఉంటుంది.

బడిలో లెక్క చేసినట్లే పరిశోధనను కూడా సరిచూసుకోవాలి. డాలస్ ప్రయోగంలో ఉన్నది ఐదుగురే. హార్వర్డు అధ్యయనంలో అందరూ పురుషులే, చదువూ సంపదా ఉన్నవారే. పైగా వ్యాయామం చేశారు గనుక ఆరోగ్యంగా ఉన్నారా, ఆరోగ్యంగా ఉన్నారు గనుక వ్యాయామం చేయగలిగారా అన్న సందేహం ఇటువంటి అధ్యయనాలకు ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఒకే అధ్యయనాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు. అయితే ఆ తరువాత ఆడవారి మీద జరిగిన పెద్ద అధ్యయనం కూడా ఇదే దారి చూపింది. అమెరికాలో 72 వేలకు పైగా నర్సులను ఎనిమిదేళ్ళు గమనించి 1999లో ఫలితాలు ప్రకటించారు. వారానికి మూడు గంటలో, అంతకు మించో వేగంగా నడిచినవారిలో గుండెజబ్బు 30 నుంచి 40 శాతం తక్కువ. నడివయసులో మొదలుపెట్టినవారికీ మేలు కనిపించింది.

ఇప్పుడు మన ఊళ్ళకు వద్దాం. తుంగభద్ర కాలువ నీళ్ళు వచ్చిన కొత్తలో సింధనూరు, గంగావతి వైపు క్యాంపులలో స్థిరపడిన మన పెద్దలు ఆ నేలను చదును చేసి, గట్లు వేసి, వరి పండించారు. వాళ్ళకు వ్యాయామం అన్న మాటతో పని లేదు. బతుకే వ్యాయామం. ఇవాళ దున్నేది ట్రాక్టరు, కోసేది యంత్రం, వీధి చివరి అంగడికి పోయేది మోటారు సైకిలు. అది తప్పు కాదు. ఆ చాకిరీ తప్పినందుకు సంతోషించాల్సిందే. కానీ చాకిరీతోపాటు కదలిక కూడా పోయింది. తిండి మాత్రం అదే పళ్ళెం, అదే అన్నం.

దాని ఫలితం మన కళ్ళ ముందే ఉంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉంది. చాలినంత శారీరక శ్రమ లేని పెద్దవారు 2022 నాటికి దేశంలో దాదాపు సగం మంది అని 2024లో వచ్చిన మరో అధ్యయనం చెప్పింది. మగవారిలో 42 శాతం అయితే ఆడవారిలో 57 శాతం. ఎనిమిదో తరగతిలో ఆట మానిపించిన ఆడపిల్ల ఈ లెక్కలోకి ఎలా వచ్చి చేరుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మరి చేయవలసిందేమిటి? పద్దెనిమిదేళ్ళు నిండినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ, దానితోపాటు రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. పదిహేడేళ్ళలోపు వారికైతే రోజుకు సగటున గంట. ఓ మాదిరి శ్రమ అంటే మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. దీనికి ఖరీదైన జిమ్ము అక్కరలేదు. కాలువ గట్టు ఉంది, ఊరి బాట ఉంది. బస్సును ఒక స్టాపు ముందే దిగి నడవవచ్చు. దండీలు, బస్కీలు తీయటానికి ఆరడుగుల చోటు చాలు. మన వైపు ఎండలు మీకు తెలుసు గనుక తెల్లవారుజామునో, పొద్దు వాలాకో చేయటం మంచిది. చాలాకాలంగా మానేసినవారు ఒక్కసారిగా ఎగబడకుండా వారం వారం కొద్దికొద్దిగా పెంచుకోవాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగటం, ఆయాసం ఉంటే ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

విద్యార్థి మిత్రులారా! మీలో జట్టుకు ఎంపికైనవారు కొందరే ఉంటారు. “నాకు ఆటలు రావు” అని మిగిలినవారు పక్కకు తప్పుకోకండి. జట్టులో ఆడనివారికి కూడా మేలు దక్కుతుందని హార్వర్డు అధ్యయనమే చెప్పింది. ఆటలో గెలిచినవారు ఆ గెలుపును చూసుకుని ఆగిపోకండి. పతకం గోడకు ఉంటుంది. అలవాటు ఒంటికి ఉంటుంది. మీ వయసులో సంపాదించుకోవలసింది కండ కాదు, కదిలే అలవాటు.

తల్లిదండ్రులారా! పరీక్షల నెలలో పిల్లవాడు అరగంట బయట తిరిగి వస్తే మార్కులు ఎక్కడికో పోతాయని భయపడకండి. ఆడపిల్ల సాయంత్రం నడుస్తానంటే వద్దనకండి. తోడు కావాలనిపిస్తే మీరే తోడు వెళ్ళండి. మేలు ఇద్దరికీ జరుగుతుంది. కళాశాలల పెద్దలకు కూడా ఒక విన్నపం. తరగతులు ముగియగానే ఆటస్థలం గేటుకు తాళం వేయకండి. మరో గంట తెరిచి ఉంచండి. వారంలో కొన్ని రోజులు ఆ గంటను ఆడపిల్లలకే కేటాయించండి.

డబ్బును బ్యాంకులో దాచవచ్చు, ధాన్యాన్ని గాదెలో దాచవచ్చు. ఒంటి సత్తువను దాచుకోలేం. ఏ వారం కూలి ఆ వారానికే. అయితే ఎన్నాళ్ళు పనికి వెళ్ళకపోయినా, మళ్ళీ వెళ్ళిన రోజున కాదనకుండా కూలి ఇచ్చే యజమాని కూడా మన శరీరమే.