వంటచెఱకు: నఱకుట, చీల్చుట, ఎండబెట్టుట, అమ్ముట
(మేడ్చలు, శామీరుపేట ప్రాంతపు పట్టాదారులకై చేయబడిన యుపన్యాసము)



మేడ్చలు, శామీరుపేట ప్రాంతములందలి చెల్క భూముల గట్లమీదను, వాగుల యొడ్డులందును తుమ్మ, వేప, సర్కారు తుమ్మ మొదలగు చెట్లు ఎవరు నాటకున్నను పెరుగుచుండును. కొందఱు నీలగిరి, సుబాబులు తోటలుగా వేయుదురు. రొక్కము కావలసివచ్చినపుడు రైతు ఈ చెట్లను నిలువునే వర్తకునకు గుత్తకిచ్చుట తఱుచు. గుత్త బేరమున కట్టెను తూచువాడు లేడు. లాభ మెంతయో, అది యెవరికి చేరినదో రైతునకు తెలియదు. వంటచెఱకు విలువ యంతయు పచ్చికట్టెను ఎండుకట్టెగా మార్చుటయందున్నది. ఆ పని తానే చేయించి, తూచి, లెక్క చూచుకొని యమ్మిన రైతునకే ఆ విలువ దక్కును.

కొనువారు

పూర్వము నగరమున ప్రతి పొయ్యికిని కట్టె కావలసియుండెను. 1999లో దీపము పథకమును, 2016లో ఉజ్జ్వల పథకమును వచ్చిన పిమ్మట గ్యాసు పల్లెలకును చేరినది. ఇంటి గిరాకి తగ్గినది. పెద్దమంట కావలసిన చోట్ల మాత్రము కట్టె యక్కఱ పోలేదు. పెండ్లివంటలు, బిర్యానీ దేగిశాలు, రంజాను నాటి హలీము భట్టీలు ఇట్టివి. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదు హలీము, ఇటుకతోను మట్టితోను కట్టిన భట్టీమీద కట్టెల సెగను గంటల తరబడి ఉడుకవలెను. పొగలుగ్రక్కు పచ్చికట్టె అచట పనికిరాదు.

రంజాను మాసము ఏటేట 10, 11 దినములు ముందునకు జరుగుచుండును. 2025లో అది మార్చి 2వ తేదీన ఆరంభమైనది. 2030లో జనవరి మొదట ఒకమాఱును, డిసెంబరు చివర మఱియొకమాఱును రావలసియున్నది. చలికాలపు రంజానుకు కావలసిన కట్టె ముందటి వేసవియందే యెండవలెను. అనగా దానికి ముందటి చలికాలముననే గొడ్డలి పడియుండవలెను.

అనుమతి

తన పట్టాభూమిలోని చెట్టయినను నఱకుటకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము (వాల్టా) ననుసరించి అనుమతి పొందవలెను. కట్టెను బండిమీద తరలించుటకు అటవీశాఖవారి పర్మిటు కావలసియుండును. కొన్ని జాతులకు మినహాయింపులు కలవు. నఱకుటకు ముందే రేంజి ఆఫీసునందు విచారించుకొనుట మేలు. సర్కారు శిఖములోని తుమ్మలు, బంచరాయి చెట్లు పట్టాదారునివి కావు. వానిజోలికి పోరాదు.

నఱకుట

మార్గశిర, పుష్య మాసములు దీనికి తగినవి. వానకాలపు పంట యింటికి చేరియుండును, కూలీలు దొరకుదురు, ఎండుటకు వేసవియంతయు ముందుండును. చెట్టును నేలకు దగ్గఱగా, మోడుపై నీరు నిలువకుండ కొంచెము వాలుగా, బెరడు చీలకుండ కోయవలెను. నీలగిరి, సుబాబులు, సర్కారు తుమ్మ మోళ్లు మఱల చిగుర్చును. వానిలో బలమైన రెండు మూడు కొమ్మలుంచి తక్కినవి తీసివేసినచో కొన్నియేండ్లకు మఱల కట్టె వచ్చును. నల్లతుమ్మ మోడు చక్కగా చిగుర్చదు. దానిని కొట్టినచోట విత్తనము వేసికొనవలెను.

చీల్చుట

కట్టెలోని నీరు బెరడుగుండ నెమ్మదిగను, కోసిన కొనలగుండ త్వరగను పోవును. కావున మ్రానును పొయ్యికి తగిన తుండ్లుగా కోసి, ముంజేతికంటె లావైన ప్రతి తుండును పేళ్లుగా చీల్చవలెను. ఈ పని పచ్చిగానున్నపుడే చేయుట సులభము. తుమ్మ యెండినపిమ్మట గొడ్డలికి లొంగుట కష్టము. ముడులు, పంగలు గల తుండ్లను వేఱుగానుంచి ఇనుప చీలతోను సమ్మెటతోను చీల్పించవలెను. గొడ్డలి తల కామకు బిగువుగా నున్నదో లేదో ప్రతిదినము చూచుకొనవలెను. చీల్చువాని యెదుట ఎవరును నిలువరాదు.

ఎండబెట్టుట

పేళ్లను నేలమీద కుప్పపోసినచో అడుగున చెదలు పట్టును. రాళ్లపై వాసములుంచి, జానెడెత్తున, గాలియాడు మిట్టనేలపై దొంతులుగా పేర్చవలెను. దొంతులకు నడుమ మనిషి నడచునంత సందుండవలెను. తొలకరికి ముందు పైభాగమును మాత్రము తాటాకుతో గాని రేకుతో గాని కప్పి, ప్రక్కలు విడిచిపెట్టవలెను. అన్నివైపుల మూసిన దొంతి బూజుపట్టును. దొంతి ఇంటిగోడకు, గడ్డివామునకు దూరముగా నుండవలెను. నిప్పు భయము, తేళ్ల భయము రెండును కలవు.

ఎండినదని తెలియుటకు పేటి కొనలు బీటలువాఱును, బెరడు వదులగును, రెండు పేళ్లను తాకించిన ఖంగున మ్రోగును. వీటన్నిటికంటె తూకమే నమ్మదగినది. దొంతినుండి ఐదాఱు పేళ్లకు గుర్తుపెట్టి పదునైదు దినముల కొకమాఱు తూచి వ్రాసికొనవలెను. తూకము తగ్గుట యెప్పుడాగునో అప్పుడు కట్టె సిద్ధమైనది.

లెక్క

పచ్చికట్టె తూకములో మూడవవంతు మొదలు సగము వఱకు నీరే యుండును. సగము నీరున్న 100 కిలోల కట్టె, అందు ఐదవవంతు మాత్రము నీరు మిగులునట్లు ఎండినచో 62½ కిలోలగును. పచ్చికట్టె కిలో 5 రూపాయలకు పోవుననుకొందము. 100 కిలోలకు 500 రూపాయలు. ఎండిన 62½ కిలోలకు అదే 500 రావలెనన్న కిలో 8 రూపాయలు పలుకవలెను. అంతకు తక్కువ ధరకు ఎండుకట్టె నిచ్చిన రైతు ఆఱునెలల కష్టమును ఊరక పోగొట్టుకొన్నవాడగును. 8కి మించినదే అతని కూలియు, ఓపికకు ప్రతిఫలమును.

కొనువాడు 8 ఏల యిచ్చునని యడుగవచ్చును. నీరు లేని కట్టె కిలో సుమారు 4,500 కిలోకెలొరీల వేడినిచ్చును. అందలి కిలో నీరు ఆవిరియగుటకు సుమారు 600 ఖర్చగును. ఈ లెక్కను పచ్చికట్టె కిలో 1,950, ఎండుకట్టె కిలో 3,480 ఇచ్చును. ధర 5నుండి 8కి, అనగా నూటికి 60 వంతులు పెరుగగా, వేడి నూటికి 78 వంతులు పెరిగినది. కొనువానికిని లాభమే, పొగ తగ్గుట అదనము. ఈ లెక్కను రైతు బేరమున నిర్భయముగా చెప్పవచ్చును.

ట్రాక్టరు లోడు లెక్కను అమ్మునపుడు జాగ్రత్త వహింపవలెను. ఎండినకట్టె తూకము మిక్కిలి తగ్గినను పరిమాణము కొంచెమే తగ్గును. కావున పచ్చికట్టె లోడు ధరకే ఎండుకట్టె లోడు నీయరాదు. సాధ్యమైనంతవఱకు ధర్మకాంటపై తూచి, చీటీ తీసికొని యమ్మవలెను. రొక్కమునకు తొందర గలవాడు పచ్చిగానే అమ్ముకొనుటలో తప్పులేదు. కాని అదియు గుత్తకు గాక తూకమునకే అమ్మవలెను. తూకము వ్రాసికొన్న రైతునకు వచ్చు ఏటి బేరమున మాట బలముండును.