అణువుల మధ్య శక్తి బదిలీ

విద్యార్థులారా, భవానీపూర్ వాసి సర్ ఆశుతోష్ ముఖర్జీ చొరవతో 1917లో కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన సి.వి.రామన్ చిన్నప్పుడు విశాఖపట్నంలో చదువుకున్నారు. 1923లో ఆయన బృందం ద్రవాల్లో చూసిన మసక వెలుగును బలహీనమైన ప్రతిదీప్తి అనుకున్నారు. అది వేరని 1928లో తేలింది. వెలుగు కనిపిస్తే చాలదు, దాని మూలం తెలియాలి.

ప్రతిదీప్త అణువు కాంతిని గ్రహించి, మరో రంగు కాంతిని వెలువరిస్తుంది. పక్కన తగిన అణువుంటే, కాంతి వెలువరించకుండానే శక్తిని దానికి అప్పగిస్తుంది. ఇచ్చేది దాత, పుచ్చుకునేది గ్రహీత. దాత వెలువరించే కాంతిని గ్రహీత గ్రహించగలగాలి. దూరం సుమారు 10 నానోమీటర్లలోపు ఉండాలి. దూరం రెట్టింపయితే బదిలీ వేగం 64వ వంతుకు పడిపోతుంది.

జింకు వంటి లోహ అయాన్లు ఈ రెంటినీ ఒకే కూర్పులో దగ్గరగా నిలుపుతాయి. లోహాన్ని మరింత గట్టిగా పట్టే పదార్థం కలిపితే కూర్పు విడిపోయి బదిలీ ఆగుతుంది. మళ్లీ జింకు చేరిస్తే మొదలవుతుంది. ఇదే స్విచ్చి.

అయితే జాగ్రత్త! రాగి అయాన్లు బదిలీ లేకుండానే వెలుగును ఆర్పగలవు. కాబట్టి దాత కాంతి తగ్గడమే కాదు, దాతను ఉత్తేజపరచినప్పుడు గ్రహీత కాంతి పెరగడమూ చూడాలి. అప్పుడే నమ్మండి.