వెల్లుల్లి

ఉల్లి చేసిన మేలు తల్లియైనను చేయదని మన పెద్దలందురు. ఆ ఉల్లి నీరుల్లియా, వెల్లుల్లియా? సామెత చెప్పలేదు. ఎవరి వంటయింట ఏది ముందుగా పోపులో పడునో వారు దానికే ఈ కీర్తిని కట్టబెట్టుచుందురు. ఈనాటి మా ప్రసంగము వెల్లుల్లిని గూర్చినది.

వెల్ల యనగా తెలుపు. గోడకు వెల్ల వేయుట, వెలిదామర అను మాటలలో నున్నది ఆ తెలుపే. కన్నడమున బెళ్ళుళ్ళి, మలయాళమున వెళుత్తుళ్ళి యనుటలోను అదే భావము. తెలంగాణమున ఇది ఎల్లిగడ్డ. అక్కడ నీరుల్లి ఉల్లిగడ్డ గనుక, అంగడిలో ఒక్క అచ్చు తప్పినచో సంచిలో వేరొక సరకు పడును. రాయలసీమవారు దీనిని తెల్లగడ్డ యనియు, నీరుల్లిని ఎర్రగడ్డ యనియు రంగులతో తేల్చివేసిరి.

వెలి యనగా వెలుపల అనియు అర్థము కలదు. కొన్ని ఇండ్లలో వంటగది గడప దాటనీయక వెలిపెట్టిన ఉల్లి గనుక వెల్లుల్లి యని ఎవరైన చమత్కరింపవచ్చును. అది వ్యుత్పత్తి కాదు గాని, చరిత్రలో దానికి తావు లేకపోలేదు. మనుస్మృతి ద్విజులకు లశునమును నిషేధించినది. 7వ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన చీనా యాత్రికుడు హ్యుయన్‌త్సాంగు, ఉల్లిని వెల్లుల్లిని తినువారిని ఊరి ప్రాకారము వెలుపలికి పంపుదురని వ్రాసియున్నాడు.

అయినను వైద్యులు దీనిని వదలుకొనలేదు. 1890లో మధ్య ఆసియాలోని కూచా వద్ద బవరు అను ఆంగ్ల సైనికోద్యోగికి భూర్జపత్రములపై వ్రాసిన ఒక ప్రాచీన సంస్కృత గ్రంథము లభించినది. అది వెల్లుల్లి ప్రశంసతోనే ఆరంభమగును. అమృతము త్రావిన రాక్షసుని కంఠము తెగినప్పుడు నేలరాలిన బిందువులనుండి ఇది పుట్టినదట. రాక్షస శరీరమునుండి వచ్చినది గనుక బ్రాహ్మణులు తినరట. మరి వారికి జబ్బు చేసినచో? ఆవును సుమారు మూడు రాత్రులు గడ్డి లేక ఉంచి, పిదప వెల్లుల్లి కాడలు కలిపిన గడ్డి మేపి, దాని పాలను పెరుగును పుచ్చుకొనవచ్చునని ఆ గ్రంథమే ఉపాయము చెప్పినది. నిషేధమును నిలుపుకొనుచునే మందును దక్కించుకొన్న ఆ తెలివికి మనము నవ్వుకొనక తప్పదు.

మొక్కగా చూచినను ఇది విచిత్రమే. మనము సాగుచేయు వెల్లుల్లికి మొలకెత్తు విత్తనములు పట్టవు. రేకలనే నాటవలెను. అనగా నేటి పాయ వేల యేండ్లనాటి రైతులు చేతినుండి చేతికి అందించిన పాయ యొక్క ముక్కయే. చలి తగిలిననే గడ్డ బాగుగా ఊరును. అందుచేతనే మన అంగళ్లకు వచ్చు సరకులో చాల భాగము మాళవ ప్రాంతపుది.

ఇక ఘాటు సంగతి. ఒలిచి అట్లే ఉంచిన రేకకు వాసన అంతగా ఉండదు. దంచినప్పుడు వేరువేరు అరలలోనున్న రెండు పదార్థములు కలిసి, అల్లిసిను అను ఘాటైన గంధక పదార్థము పుట్టును. దీనిని 1944లో అమెరికాలో కావల్లిటో, బెయిలీ అనువారు వేరుపరచిరి. ఈ కలయికకు తోడ్పడు పదార్థము వేడికి చెడును. కావుననే చారులో వేసిన నిండు రేక మెత్తగా తియ్యగా ఉండును. రోటిలో నూరిన వెల్లుల్లి కారము కన్నీరు పెట్టించును. తిన్న పిదప నోరు పుక్కిలించినను వాసన పోకుండుటకు కారణము, అది రక్తమున చేరి ఊపిరితిత్తులనుండి వచ్చుటయే.

బాలింతకు వెల్లుల్లి కారము పెట్టుట మన యిండ్లలో ఆచారము. 1991లో ఫిలడెల్ఫియాలో పరీక్షింపగా, తల్లి వెల్లుల్లి పుచ్చుకొన్న రెండు గంటలకు ఆ వాసన పాలలో హెచ్చుగా కనబడెను. బిడ్డలు మామూలుకన్న ఎక్కువసేపు పాలు కుడిచిరి. పాలు పెరుగునని దీనివలన తేలదు గాని, బిడ్డ ఏవగించుకొనునను భయము మాత్రము తీరినది.

అయితే పసిబిడ్డల రొమ్ముపైనను అరికాళ్లపైనను పచ్చి వెల్లుల్లి ముద్ద కట్టుట మిక్కిలి ప్రమాదము. ఆ ఘాటు లేత చర్మమును నిప్పువలె కాల్చి పొక్కించును. పెద్దలు చెప్పిరని, జలుబు తగ్గునని, దయచేసి ఈ పని చేయకుడు. రక్తము పలుచబడు మందులు వాడువారు పచ్చి రేకలు మందువలె నిత్యము మ్రింగదలచినచో ముందుగా వైద్యుని అడుగవలెను. కూరలో పడునంత వెల్లుల్లికి ఈ శంక అక్కరలేదు.

గృహిణులు మరియొక సంగతి గమనింపవలెను. దంచిన పచ్చి వెల్లుల్లిని నూనెలో ముంచి గట్టుపై దినములకొలది ఉంచరాదు. గాలి సోకని ఆ నూనె అడుగున, పులుపు లేనిచోట, ఘోరమైన విషమును పుట్టించు సూక్ష్మజీవి పెరుగగలదు. 1985లో కెనడాలోని వాంకూవరులో ఇట్టి సీసాలోని వెల్లుల్లి వలన 36 మంది జబ్బుపడిరి. మన ఆవకాయలో వెల్లుల్లి నూనెలోనే ఉన్నను, మామిడికాయ పులుపును ఉప్పును దానిని కాచుచున్నవి. వట్టి నూనెకు ఆ రక్షణ లేదు. శీతల యంత్రము ఉన్నవారు అందులో ఉంచి మూడు నాలుగు దినములలో వాడివేయవలెను. లేనివారు ఏ పూట కా పూట దంచుకొనుట మంచిది.