దారం, నట్టు, ఇరవై ఊపులు

లఘులోలకం ప్రయోగానికి ల్యాబే ఉండక్కర్లేదు. గట్టి దారం, బరువైన ఇనుప నట్టు, సెల్‌ఫోన్‌లోని స్టాప్‌వాచ్ చాలు. దారం వేలాడే చోటు నుంచి నట్టు మధ్య వరకు సరిగ్గా 1 మీటరు ఉండాలి. కాస్త పక్కకు లాగి వదలండి, తోయకండి. ఒక్క డోలనాన్నే (అటూ ఇటూ ఊగి మళ్లీ మొదటి చోటికి రావడం) కొలిస్తే, మీట నొక్కడంలో మన ఆలస్యం లెక్కను పాడుచేస్తుంది. అందుకే 20 డోలనాల కాలం చూసి, 20తో భాగించాలి. స్టాప్‌వాచ్ నొక్కేటప్పుడు ‘ఒకటి’ అనకూడదు, ‘సున్నా’ అనాలి. పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మొత్తం సుమారు 40 సెకన్లు వస్తుంది. పొడవు మారకుండా బరువు పెంచినా అంతే! దారాన్ని 25 సెంటీమీటర్లకు తగ్గిస్తే మాత్రం కాలం సగమవుతుంది, పావు కాదు. డోలన కాలం సూత్రంలో పొడవుకు ఉన్న వర్గమూలం కళ్లకు కట్టేది అప్పుడే. అమ్మానాన్నలూ, సూత్రం బట్టీ పట్టించే ముందు పిల్లల చేత ఈ దారం కట్టించండి.