పసికందునకు తొలితోడు



తోడు మంచిదైనచో పెరుగు కమ్మగా నుండును; చెడినచో పాలే పాడగును. పసికందు ప్రేవులకును ఇదియే న్యాయము. మేలుచేయు సూక్ష్మజీవులు ముందుగా చేరినచో కీడుచేయువానికి చోటు చాలదు.

అట్టి మంచితోడుకై డాక్టరు పినాకి పాణిగ్రాహి దాదాపు 20 ఏండ్లు వెదకెను. మన పొరుగున ఒడిషా పల్లెలలో తల్లిపాలు త్రాగు 4,556 మంది శిశువులను పరీక్షకు తీసికొని, సగముమందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అను సూక్ష్మజీవిని 7 దినములును, తక్కినవారికి ఉత్తపొడియు నిప్పించెను. 60 దినములలో రక్తము విషమించు సెప్సిస్ వ్యాధిగాని మరణముగాని ఉత్తపొడి పొందినవారిలో నూటికి 9 మందికిని, తోడు పొందినవారిలో 5.4 మందికిని సంభవించెను. 2017లో ‘నేచర్’ పత్రిక దీనిని ప్రకటించెను.

వైద్యుడు చెప్పనిదే ఏ పొడియు పట్టింపకుడు. ముర్రుపాలను మాత్రము పాఱబోయనీయకుడు. శిశువునకు తల్లి యొసగు తొలిరక్ష యదియే.