కొత్త దంపతుల తొలి యాత్ర



వివాహమైన పిమ్మట వధూవరులు ఇరువురే కలిసి కొన్నాళ్లు ఊరు విడిచి వెళ్లి వచ్చుట నేడు మన ఇండ్లలో సాధారణమైనది. హనీమూను అను మాట పరభాషదే అయినను, కొత్త దంపతుల యాత్ర మనకు బొత్తిగా కొత్తది కాదు. పెండ్లి ముగిసిన వెంటనే అన్నవరము కొండకు పోయి సత్యనారాయణ వ్రతము చేసికొని వచ్చుట గోదావరి ప్రాంతమున చాలకాలముగా ఉన్నదే. అయితే ఆ యాత్రను పెద్దలు నిర్ణయించెడివారు. వెంట పదిమంది ఉండెడివారు. నేటి యాత్రను దంపతులే నిర్ణయించుకొనవలెను. దంపతులనగా ఇరువురు. ఈ చిన్న సంగతిని నేను మరచిన కథను మొదట మనవి చేసెదను.

మా వివాహము 1978 ఫిబ్రవరిలో జరిగినది. నా భార్య పుట్టినిల్లు అనంతపురము. ఆమెను ఆశ్చర్యపరచవలెనను ఉత్సాహముతో నేనొక్కడనే ఊటీ ప్రయాణము నిశ్చయించి, ఊరి పేరైనను చెప్పనైతిని. “ఎక్కడికండీ?” అని ఆమె రెండుమార్లు అడిగినది. “వచ్చి చూడు, నీకే తెలుస్తుంది” అంటిని.

మేట్టుపాళయమునుండి ఊటీకి కొండరైలు కలదు. పట్టాల నడుమనున్న పళ్లకడ్డీని ఇంజను చక్రము పట్టుకొని నిట్రమైన చోట్ల మెల్లగా ఎగబ్రాకును. దారి 46 కిలోమీటర్లే అయినను ఎక్కుటకు ఇంచుమించు అయిదు గంటలు పట్టును. అంత ఆలస్యము నాకు సహింపక బస్సు ఎక్కించితిని. ఘాటు మలుపులలో ఆమెకు కడుపులో త్రిప్పి వాంతులు ప్రారంభమైనవి. బస్సు ప్రయాణము ఆమెకు పడదని నాకు తెలియదు, నేను అడుగలేదు. ఊటీ సముద్రమట్టమునకు 2,240 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడి రాత్రి చలికి ఆమె పెట్టె తెరచి చూతుము గదా, పట్టుచీరలే కాని శాలువ లేదు. ఎక్కడికి పోవుచున్నామో తెలియనివారు శాలువ ఎట్లు సర్దుకొందురు? హోటలువారి కంబళి కప్పుకొని ఆమె రెండు దినములు గదిలోనే గడపినది. ఒక్క మాటయు అనలేదు.

నాలుగేండ్ల తరువాత ఉద్యోగపు బదిలీపై విశాఖపట్టణము చేరితిమి. తొలి సాయంకాలము సముద్రపుటొడ్డున ఆమె చాలసేపు మౌనముగా నిలిచినది. పిదప, “సముద్రం చూడటం నాకు ఇదే మొదటిసారి అండీ. పెళ్లయిన కొత్తలో ఎక్కడికి పోదామని మీరు అడిగితే, సముద్రం చూపించమని చెబుదామనుకున్నాను” అన్నది. ఆ మాటలో నిష్ఠురము లేదు. అందుచేతనే అది నన్ను నేటికిని విడువలేదు.

గత సంవత్సరము మా అమ్మాయికి రాజమహేంద్రవరమున సంబంధము కుదిరినది. పెండ్లికి రెండు నెలల ముందే రైలు టిక్కెట్ల ఆలోచన వచ్చినది. అప్పుడు నా భార్య కాబోవు దంపతులకు ఒక్క సలహా ఇచ్చినది: “మీకేం కావాలో ఇద్దరూ విడివిడిగా రాసుకోండి. తర్వాత కాగితాలు మార్చుకోండి. ఎదుటివాళ్ల కాగితం చదివేదాకా ఏదీ ఖాయం చేయకండి.”

అమ్మాయి కొండలు, చల్లదనము, జనసమ్మర్దము లేని చోటు కావలెనని వ్రాసినది. అబ్బాయి సముద్రము, రైలు ప్రయాణము, పెండ్లి బడలిక తీరునట్లు నిద్ర అని వ్రాసెను. అతని తల్లిగారికి అన్నవరములో వ్రతము చేయించవలెనని కోరిక. మూడును పొసగవని మొదట అనిపించినది. కాని పటము ముందు పెట్టుకొని చూడగా మూడును రైలు దారిమీదనే ఉన్నవి. రాజమహేంద్రవరమునుండి విశాఖకు పోవు దారిలోనే అన్నవరము. విశాఖలో సముద్రము. అక్కడనుండి, బైలడిల్లా ఇనుప ఖనిజమును రేవునకు చేర్చుటకు 1960ల దశకమున వేసిన కిరండూలు మార్గమున పోయినచో, సొరంగముల వెంట సొరంగములు దాటి బొర్రా గుహలు, ఆపైన అరకులోయ. వలిసెపూలు పసుపు పరచినట్లు పూచు కాలము, మార్గశిరపు చలి. ఈమారు శాలువలు ముందుగానే సర్దుకొనిరి!

ఇక వ్యయము సంగతి. ఎవరెంత ఖర్చు పెట్టగలరో అదియు విడివిడిగా వ్రాసిరి. అబ్బాయి వ్రాసిన అంకె చాల చిన్నది. దాని క్రింద, తన చదువునకై తీసికొన్న బ్యాంకు అప్పు ఇంకను తీర్చుచున్నానని వ్రాసెను. అమ్మాయికి ఆ సంగతి అంతవరకు తెలియదు. ఆమె కొంతసేపు ఆ కాగితమునే చూచి, తన అంకెను కొట్టివేసి, అతని అంకెనే దాని ప్రక్కన వ్రాసినది. విమానము మానిరి, పెద్ద హోటలు మానిరి. ఆ అప్పు మాట పెండ్లియైన ఆరు నెలలకు, ఏ ఖర్చు దగ్గరనో, మరొకరి నోట వినవలసి వచ్చియున్నచో ఏమి జరిగియుండునో మీరే ఊహింపుడు.

కావున యువతీయువకులకు నా మనవి ఇది. స్థలము నిర్ణయించుటకు ముందు ఒకరి కోరిక నొకరు అడుగుడు. ఏ ప్రయాణము పడదో, ఏ ఆహారము సరిపడదో అడుగుడు. ఇరువురు చెప్పిన మొత్తములలో చిన్నదానినే హద్దుగా పెట్టుకొనుడు. యాత్రకై అప్పు చేయకుడు. ఒక దినమును ఏ కార్యక్రమము లేక ఖాళీగా ఉంచుకొనుడు. “మీ ఇష్టమే నా ఇష్టం” అను మాటతో ఎవరును తృప్తిపడవలదు. అది తరచు చెప్పలేని కోరికపై కప్పిన ముసుగు.

అమ్మాయిని పంపిన మరునాడు ఇల్లు బోసిపోయినది. అప్పుడు నేను నా భార్యను అడిగితిని: “మనమూ ఎక్కడికైనా పోదామా? ఎక్కడికో నువ్వే చెప్పు.” ఆమె నవ్వి, “ఊటీకే పోదాం. ఈసారి కొండరైల్లో. శాలువ నేను సర్దుకుంటాను” అన్నది.

అడుగుటకు నాకు నలుబది యేండ్లకు పైగా పట్టినది. మీరు అంత ఆలస్యము చేయకుడు.